బెల్లుదే తప్పని రాసివ్వండి

అమ్మ పోయిన ఏడాది మాటా మాటా పెరిగి, కండక్టరమ్మ తన ఒక్కగానొక్క తమ్ముణ్ణి "నా గడప తొక్కావంటే చూడు!" అంది. బస్సులో అరిచి అరిచి రాటుదేలిన గొంతు కదా, వీధి చివరిదాకా వినపడింది. తమ్ముడిదీ ఆ రక్తమే. మళ్ళీ తొక్కలేదు. రిటైరయ్యాక ఆవిడ ఇంటికొచ్చే మనిషెవరయ్యా అంటే కరెంటు మీటరు చూసేవాడు, వాడూ వరండాలోంచే చూసుకుని పోతాడు. పొద్దస్తమానం గోడలతో మాట్లాడుకునే మనిషికి పంతమొకటి తక్కువ!

అలాంటిది, మొన్నామధ్య మరదలు ఫోన్ చేసి, "వదినా, ఈయన మెత్తబడ్డారు. చెప్పాపెట్టకుండా ఎప్పుడో ఒకరోజు వచ్చేస్తారు. నేను చెప్పానని అనకండి" అని గుసగుసలాడింది. కండక్టరమ్మకి కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆవిడ ఉండేది వెనక గదిలో, ముందుదేమో ఇనప తలుపు, గట్టిగా బాదితే తప్ప వినపడదాయె. ఆన్‌లైన్‌లో వైర్లు లేని కాలింగ్ బెల్లు తెప్పించి, తలుపు పక్కన బటన్ అతికించి నొక్కి చూసింది. ఇల్లంతా గణగణలాడింది.

ఇక్కడే ఉంది తిరకాసు. తలుపు మూసి బయట నిలబడితే, లోపల మోగిందో లేదో తనకి వినపడదు. అందుకని ఎప్పుడు నొక్కినా తలుపు బార్లా తెరిచే నొక్కింది పిచ్చితల్లి. తలుపు మూస్తే ఆ బెల్లు నోరు పెగలదని చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉంటేగా!

ఒక సాయంత్రం, మేడ కింద లాండ్రీ కొట్టు అతను బట్టలిస్తూ, "అమ్మా, మధ్యాహ్నం ఎవరో పండ్ల సంచితో పైకెళ్ళి, అలాగే దిగి వెళ్ళిపోయారు. అచ్చం మీ ముక్కే. మీరు ఇంట్లో లేరా?" అన్నాడు.

ఆవిడ మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉంది. అతన్ని పైకి లాక్కెళ్ళి, లోపల తలుపేసుకుని, బటన్ నొక్కమంది. అతను వేలు అరిగేలా నొక్కాడు. లోపల కిక్కురుమనలేదు.

తమ్ముడు ఫోనెత్తలేదు. మరదలు ఎత్తింది. "మీరు కావాలనే తీయలేదని కూర్చున్నారు వదినా. బెల్లు చెడిందని చెబితే కుంటిసాకంటున్నారు."

వెంటనే బెల్లు అమ్మిన కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి కుర్రాడు తేనె పూసిన గొంతుతో, "వాపసు గడువు పదిరోజులేనండి. ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"ఆ పదిరోజుల్లో నా ఇంటికి ఎవడొచ్చాడయ్యా, తెలియడానికి?"

అరిచాక ఆ మాట తన చెవికే తగిలింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చింది.

ఏడ్చి లేచి, వినియోగదారుల సహాయ నంబరు పట్టుకుంది. "ఆ గడువు వాళ్ళు పెట్టుకున్నదమ్మా," అంది అక్కడి అమ్మాయి. "సరుకులోనే లోపముంటే వాళ్ళ బాధ్యత దాంతో తీరిపోదు. వీడియో తీసి, ఫిర్యాదు రాసి పంపండి." లాండ్రీ అతను బయట, తను లోపల, రెండు ఫోన్లతో వీడియో తీశారు.

ఫిర్యాదు వెళ్ళేసరికి కంపెనీ దిగొచ్చింది. డబ్బు వెనక్కి ఇస్తారట, కానీ లోపం ఉందని మాత్రం ఒప్పుకోరట!

"మీ డబ్బు ఎవరిక్కావాలి? బెల్లుదే తప్పని రాసివ్వండి, చాలు" అంది కండక్టరమ్మ. ఆ కుర్రాడు ఈవిడకేదో పిచ్చి అనుకుని ఉంటాడు. అనుకోనీ. ఆవిడ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటేగా! చివరికి, తలుపు మూసినప్పుడు పనిచేయని లోపం ఉన్నమాట నిజమేనని కంపెనీ రాసిచ్చింది. ఆవిడ దాన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపింది.

ఆ పూటే తమ్ముడు ఫోన్ చేశాడు.

"చూశానక్కా."

"చూశావుగా! నేను తీయకపోవడం కాదురా, అది..."

"మోగలేదేమోనని నాకప్పుడే అనుమానమొచ్చిందక్కా. తలుపు బాదొచ్చు. బాదలేదు."

"ఏంరా?"

"నువ్వు తీస్తావేమోనని భయమేసింది. తీశాక ఏం మాట్లాడాలో తెలియలేదు."

కండక్టరమ్మకి కోపం రావాలి, రాలేదు.

"నాకూ అదే భయంరా," అంది. "అయినా బెల్లు కొన్నాను."