తోక గుండ్లు

మా క్లబ్బు పోటీకి ఉన్నది ఒకటే నిబంధన. తుపాకి ఎవరు పేలుస్తారో వాళ్ళే సీసం కరిగించి, మూసలో పోసి, గుండు తయారుచేసుకోవాలి. మందు కొలిచి తూటా కట్టుకోవడమూ వాళ్ళే చేసుకోవాలి. కొన్నవి పనికిరావు, ఇంకొకరు పోసిచ్చినవి అసలే పనికిరావు. మోంటానాలో మా వైపు తాగి బండి కాలవలో పడేసినవాణ్ణి క్షమిస్తారు గాని, మరొకడి గుండుతో గెలిచినవాడికి కాఫీ కూడా పొయ్యరు.

ఆ రోజు పొద్దున షెడ్డులో గుండ్ల తనిఖీ మెర్లిన్ హాగెన్ వంతు వచ్చింది. మెర్లిన్‌కి నేనంటే పడదు. నాకూ వాడంటే పడదు. ఇందులో దాపరికం ఏమీ లేదు, గోధుమల గిడ్డంగి దగ్గర ఎవరినడిగినా చెబుతారు. వాడు నా డబ్బాలోంచి ఒక గుండు తీసి, తలకిందులు చేసి, భూతద్దం పెట్టి చూశాడు. ఆ తరవాత గోడమీది అలమార దగ్గరికి నడిచాడు. అక్కడ ఒక్కో ఏడాది విజేత పేరు ఇత్తడి పలక మీద చెక్కి, దాని కింద ఆ మనిషి గుండు ఒకటి నిలబెట్టి ఉంచుతాం. మా ఆయన ఓర్విల్ పేరు వరసగా మూడుసార్లు ఉంది. మెర్లిన్ ఆయన గుండొకటి తెచ్చి నా గుండు పక్కన పెట్టాడు.

"ఆర్డిస్, ఇవి ఓర్విల్ పోసినవి," అన్నాడు.

"ఓర్విల్ పోయి రెండేళ్ళయింది. దయ్యమై వచ్చి పోసిచ్చాడంటావా?"

"దయ్యం ఎందుకు? బతికుండగా బక్కెట్లకు బక్కెట్లు పోసిపెట్టి ఉంటాడు. ఇదిగో, అడుగున సన్నగా పొడుచుకొచ్చిన ఈ తోక చూడు. రెండింటికీ ఒకేలా ఉంది. ఈ తోక ఓర్విల్ గుండుకి తప్ప ఇంకెవరి గుండుకీ రాదని ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన సామాను నువ్వు పేలుస్తానంటే ఎలా కుదురుతుంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తోకలు ఒకేలా ఎందుకుండవు? ఆయన గెలిచిన గుండ్లూ నేను పోసినవే!

ఓర్విల్ రక్తంలో సీసం చేరిందని డాక్టరు చెప్పాడు. సీసం కుండ దగ్గరికి వెళ్ళావంటే నరాలు పాడైపోతాయన్నాడు. ఆ పోటీ లేకపోతే ఆ మనిషికి ఏడాదే లేదు. ముఖం వేలాడేసుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. చూడలేకపోయాను. గరిటె నేనే అందుకున్నాను. గెలిచిన ఆ మూడేళ్ళూ గుండ్లు నావి, గురి ఆయనది. ఆయన గెలుస్తుంటే నేను వెనక బల్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని. ఈ సంగతి మా గరాజు గోడలు దాటలేదు. ఇప్పుడు బయటపడితే ఓర్విల్ పలకలు గోడ మీదినుంచి దిగిపోతాయి. బయటపడకపోతే నేను చచ్చినవాడి సొమ్ముతో పోటీకొచ్చిన దొంగనవుతాను.

క్లబ్బు పెద్ద థర్లో గారు కాఫీ కప్పు పక్కన పెట్టారు. ఎనభై దాటిన మనిషి. అరవయ్యేళ్ళ నన్ను ఇంకా అమ్మాయనే పిలుస్తారు.

"ఏమంటావు అమ్మాయ్?"

"నా బండిలో మూస ఉంది, సీసం ఉంది. పొయ్యి వెలిగించండి. మీ కళ్ళముందే పోస్తాను. తోక ఆ మూసది. ఇంట్లో ఉన్నది ఒకటే మూస, ఆయన పోసినా నేను పోసినా తోక రాక ఏం చేస్తుంది?"

ధైర్యంగానే అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా. మూసలో గుండు తలకిందులుగా ఉంటుంది, దాని మీద అడ్డంగా, సీసం పొయ్యడానికి బెజ్జమున్న ఇనప రేకు ఉంటుంది. పోసిన సీసం గట్టిపడ్డాక ఆ రేకును కర్రతో పక్కకు కొడితే, మిగులు సీసం తెగిపోయి గుండు అడుగు నున్నగా వస్తుంది. మా రేకుకి ఎక్కడో గీత పడి ఉంటుందని, తోక అందుకే వస్తోందని నా నమ్మకం.

మిగతావాళ్ళని గురి చూసే మైదానంలోకి పంపేసి, షెడ్డులో మేం ముగ్గురమే ఉండిపోయాం. తలుపు బార్లా తెరిచాను. టైర్ల షాపులో అడిగి తెచ్చుకున్న చక్రాల సీసం బిళ్ళలు కుండలో వేసి, కరిగాక మలినం విడిపోయేందుకు తేనెమైనం ముక్క పడేశాను. గుప్పున పొగ లేచింది. కలిపి, పైన తేలిన మడ్డి తీసేశాను. మొదటి గుండ్లు ముడతలు పడి వచ్చాయి.

"బాగుంది! ఎండు ద్రాక్షలా?" అన్నాడు మెర్లిన్.

"మూస వేడెక్కద్దూ? నీ మొదటి గుండు అమ్మ కడుపులోంచే నున్నగా వచ్చిందా?"

థర్లో గారు దగ్గినట్టు నవ్వారు. మూస వేడెక్కింది. ఇక నా చెయ్యి ఆగలేదు. పోశాను, కొట్టాను, తెరిచాను. తళతళలాడుతూ గుండ్లు తువ్వాలు మీద పడుతున్నాయి. ఈ పనిలో నాకు సాటి ఈ జిల్లాలో లేరు. పొగరనుకున్నా సరే. చల్లారిన గుండు ఒకటి తీసి మెర్లిన్ ముక్కు కింద పెట్టాను. అడుగున తోక ఉంది.

"సరిపోయిందా?"

"మూసదే అయితే నాకూ రావాలిగా. ఇటివ్వు," అన్నాడు వాడు.

ఇచ్చాను. మెర్లిన్ పోశాడు. పోసి, మిగులు సీసం మీది మెరుపు తగ్గి మసకబారేదాకా ఆగాడు. ఇంకా ఆగాడు. నాకైతే వాణ్ణి వెనకనుంచి తొయ్యాలనిపించింది. అప్పుడు నిమ్మళంగా రేకును కొట్టాడు. గుండు అడుగు అద్దంలా ఉంది. ఇంకోటి పోశాడు. దానికీ తోక లేదు.

తోక రేకుది కాదు. ఓపిక లేక, సీసం పూర్తిగా గట్టిపడకముందే కొట్టేస్తాను నేను. లోపలింకా మెత్తగా ఉన్న సీసం సాగి తోకవుతోంది. అది నా చేతి గుర్తు! నా చేతి గుర్తు ఓర్విల్ పేరు కింద మూడుచోట్ల నిలబడి ఉంది.

మెర్లిన్ పాడు మనిషే గాని తెలివితక్కువవాడు కాదు. తన గుండు చూశాడు, నాది చూశాడు, అలమార వైపు చూశాడు. వాడి మొహంలో అన్నీ ఒకదాని తరవాత ఒకటి అర్థమవుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను. ఆ మూడేళ్ళూ రెండోవాడిగా వచ్చింది వాడే. ఓర్విల్ పేరు తీసేస్తే ఎక్కేది వాడి పేరే.

వాడు తన రెండు గుండ్లూ పటకారుతో పట్టుకుని కుండలో జారవిడిచాడు. అవి మెల్లగా మునిగి కరిగిపోయాయి.

"పొగకి కళ్ళు మండుతున్నాయి, నాకేమీ కనబడలేదు. తోక మూసదే. ఆవిణ్ణి పేల్చనివ్వండి," అన్నాడు, మా ఇద్దరి వైపూ చూడకుండా.

థర్లో గారికీ అంతా అర్థమైంది. "అంతేగా అమ్మాయ్? మూసదేనని నీ నోటితో ఒక్కమాట అనెయ్. బయట అందరూ కాచుకుని ఉన్నారు."

అనెయ్యచ్చు. ఓర్విల్ పరువు నిలుస్తుంది, నాదీ నిలుస్తుంది. మెర్లిన్ మీద మొదటిసారి నాకు జాలి లాంటిది కలిగింది, గౌరవం కూడా కలిగింది. కానీ ఆ మాట అనలేకపోయాను. పోసిన ప్రతి రాత్రీ ఓర్విల్ నా కాలిన వేళ్ళకి మందు రాసి, ఇవి బంగారు చేతులే అనేవాడు. గరాజులోనే అనేవాడు. క్లబ్బులో ఒక్కసారీ అనలేదు. ఆయనంటే నాకు ప్రాణం. అయినా అది నన్ను ఎంత బాధపెట్టిందో, ఆ షెడ్డులో నిలబడేదాకా నాకే తెలియలేదు.

"మూసది కాదు. తోక నాది. గోడమీద ఉన్నవి కూడా నేను పోసినవే," అన్నాను.

"ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదమ్మా. పలకలు దించాలి. ఇవాళ్టి గుండ్లు నీవే, నువ్వు పేల్చచ్చు."

"దించండి."

"ఆర్డిస్, ఎందుకే? నేను వదిలేశానుగా!" మెర్లిన్ అరిచినట్టే అన్నాడు.

"నువ్వు వదిలేశావు. నీకు రుణపడి ఉంటాను. నేను వదల్లేను."

ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఓర్విల్ పేరు నా నోటితోనే తీయించాను, ఆ నొప్పి చిన్నది కాదు. థర్లో గారు స్క్రూ తిప్పుతుంటే చూస్తూనే నిలబడ్డాను. తరవాత మొహం తుడుచుకుని, తుపాకీ, తూటాల డబ్బా తీసుకుని మైదానంలోకి నడిచాను. అందరికీ వినబడేలా చెప్పాను: ఓర్విల్ గుండ్లు పోసింది నేను, ఇవాళ్టివి పోసింది కూడా నేనే, అడగాల్సింది ఉంటే నా మొహమ్మీద అడగండి. ఎవరో ఒకరు టోపీ తీశారు, ఎందుకో నాకు తెలియదు.

నా పక్క స్థానం మెర్లిన్‌ది. తూటాలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

"అంటే ఆ మూడేళ్ళూ నేను ఓడిపోయింది నీ చేతిలోనన్నమాట," అన్నాడు.

"సగం," అన్నాను చప్పుడు వినబడకుండా చెవుల మీదికి మఫ్‌లు లాక్కుంటూ. "ఇవాళ పూర్తిగా ఓడిపోతావు."