పద్దెనిమిదో పుట

2015 ఆగస్టు ఇరవై, గురువారం. సూక్రే నగరంలో, వైద్యకళాశాల ఎదురుగా ఉన్న అంగడి ముందు నిలబడి డాక్టర్ ఎవారిస్తో అరాన్సీబియా మాంసం కూరి కాల్చిన రెండో సల్తేన్యా తింటున్నాడు. మొదటిది కోడిమాంసంది, రెండోది కారం ఎక్కువ వేసిన గొడ్డుమాంసంది. కొన కొరికి, ముందు లోపలి వేడి రసం పీల్చి, ఆ తర్వాతే నమలాలి. ఆయన చొక్కా మీద ఎప్పుడూ మరక పడదు. భార్య జుల్మా ఉన్నన్నాళ్ళూ రెండోదాన్ని కాగితంలో చుట్టించి ఇంటికి పట్టుకెళ్ళేవాడు. ఆమె పోయాక కూడా అంగడామె అలవాటుగా రెండే ఇస్తోంది. అదీ ఒక పలకరింపేననుకుని ఆయన వద్దనలేదు.

ఆయన ఆ కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెబుతాడు. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాడు. పొట్టిమనిషి, భుజాలు ముందుకు వంగి ఉంటాయి, కోటు కుడిజేబు అంచు సుద్దపొడితో తెల్లబడి ఉంటుంది. శాఖాధిపతి ఎన్నడూ కాలేదు. ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు.

శాఖ గుమాస్తా దోన్యా ఫెలీసా రోడ్డు దాటి వచ్చి పక్కన నిలబడింది.

"తినండి, తినండి. తిన్నాకే చెబుతాను."

"చెప్పు ఫెలీసా."

"మన శాఖలో పాఠం చెప్పే పోస్టుకి నోర్కా గారు పెట్టిన దరఖాస్తు ఫైలుకి నిన్న నేనే పుటల అంకెలు వేశాను డాక్టర్. పద్దెనిమిదో పుట మీది."

"నాదేమిటి?"

"ఆవిడ క్లాసు చూసి రాశారు కదా, ఆ కాగితం. కింద 'ఒక ప్రతి దస్త్రానికి' అని ఉంది. గుండ్రటి ముద్ర కూడా ఉంది. దస్త్రానికి అంటే దస్త్రానికే కదా అని అప్పుడే పంపేశాను. ఇవాళ పదకొండింటికి ఎంపిక కమిటీ కూర్చుంటోంది. పంపకుండా ఉండాల్సిందా?"

సల్తేన్యా రసం ఆయన మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారింది.

తొమ్మిదేళ్ళ క్రితం ఒకరోజు ఆయనకు తట్టింది, పదిహేడేళ్ళు పాఠం చెప్పాడు గానీ తోటి ఉపాధ్యాయుడు ఒక్కడూ ఆ పాఠం వినలేదని. ఒక సర్జన్ని బతిమాలి తన క్లాసులో కూర్చోబెట్టుకున్నాడు. వార్డులో రౌండ్లు తిరిగే అలవాటుతో ఆ సర్జన్ పదో నిమిషంలోనే లేచి, అరవైమంది పిల్లల ముందు ఆయన్ని నిలబెట్టి ప్రశ్నలు వేశాడు. ఆ అవమానంలోంచే గురువారం సమావేశం పుట్టింది. వైద్యం తెలిసినవాళ్ళు పాఠం చెప్పడం కూడా నేర్చుకోవాలని, ఒకరి క్లాసు ఒకరు చూడాలని. నియమాలు మూడే. చూసేవాడు నోరు విప్పకూడదు. కళ్ళబడినదే రాయాలి, అభిప్రాయం రాయకూడదు. ఆ కాగితం పాఠం చెప్పినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చేరకూడదు.

అందరూ చేత్తో రాసిచ్చేవాళ్ళు. నోర్కా దాసా మాత్రం, "టైపు చేసి ఇవ్వండి డాక్టర్, దాచుకుంటాను," అంది. ఆ ముచ్చట తీర్చాలని ఆయన శాఖ గదిలో కూర్చుని రెండు ప్రతులు టైపు చేశాడు. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆఫీసు కాగితం కింద రాసిన మాటనే చెయ్యి దానికదే రాసింది, ముద్ర దానికదే వేసింది. ఒక ప్రతి ఆమెకిచ్చాడు. రెండోది ఫెలీసా బుట్టలో పడింది.

చెయ్యి కడుక్కోకుండానే ఆయన కమిటీ అధ్యక్షుడు బాల్దివియెసో గదికి వెళ్ళాడు.

"రా ఎవారిస్తో. మళ్ళీ మాకు పాఠం చెప్పడం నేర్పడానికొచ్చావా?"

"పద్దెనిమిదో పుట తీసేయండి డాక్టర్. అది ఫైలు కోసం రాసింది కాదు."

"ముద్ర ఎవరిది?"

"నాదే."

"సంతకం?"

"నాదే."

"అందులో అబద్ధమేమైనా ఉందా?"

ఆయన ఆలోచించాడు. "లేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు? పదిహేడు తర్వాత పంతొమ్మిది కనిపిస్తే రెండో అభ్యర్థి నన్ను కోర్టుకి లాగుతాడు."

"ఇంకో పుట చేర్చనివ్వండి. దాని అర్థమేమిటో రాసిస్తాను."

"గడువు మంగళవారంతో అయిపోయింది." బాల్దివియెసో కళ్ళజోడు పెట్టుకుని ఫైలు తెరిచి చదివాడు. "'ఇరవైమూడో నిమిషంలో ఒక విద్యార్థి ప్రశ్న వేశాడు. ఉపాధ్యాయిని నాకు తెలియదు, వెతుకుదాం అంది. తర్వాత ఏడు నిమిషాలు ఏమీ చెప్పలేదు. విద్యార్థులు పుస్తకాలు తెరిచారు, తమలో తాము వాదించుకున్నారు.' ఇది చదివినవాడు ఏమనుకుంటాడు? బాగుంది అని ఒక్క ముక్క రాయకపోయావా?"

"అభిప్రాయం రాయకూడదు డాక్టర్. అది మా నియమం."

బాల్దివియెసో నవ్వలేదు. ఫ్లాస్కులోంచి కోకా ఆకుల టీ వంచి, రెండు చెంచాల చక్కెర వేసి, కలిపి ఆయన ముందు పెట్టాడు.

"చొక్కా చెయ్యి తడిసిపోయింది, చూసుకున్నావా? ముందు ఇది తాగు."

ఆయన తాగాడు. టీ తియ్యగా ఉంది. దాని తర్వాత చెయ్యగలిగింది ఏదీ మిగల్లేదు.

మూడు గంటలకు, పాత మైక్రోస్కోపులు పెట్టే గదిలో గురువారం సమావేశం. మామూలుగా ఏడుగురు వస్తారు. పిల్లల డాక్టరు ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వచ్చేవారం నా క్లాసుకి రావద్దులే ఎవారిస్తో. తప్పుగా అనుకోకు, నీ కాగితాలు ఫైళ్ళకెక్కుతున్నాయంటున్నారు. నాదింకా తాత్కాలిక ఉద్యోగమే, ఇంట్లో ముగ్గురు పిల్లలు."

"అనుకోను."

తర్వాత నోర్కా ఒక్కతే వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళ మనిషి, పొడవుగా ఉంటుంది. ఎత్తు తగ్గించుకోవాలన్నట్టు ఎప్పుడూ బల్ల అంచున కూర్చుంటుంది. రెండేళ్ళుగా ఆ పోస్టులో తాత్కాలికంగా చెబుతోంది. ఇవాళ అది ఎవరిదో తేలిపోతుంది. ఆయన జరిగిందంతా దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్లకేసే చూశాడు.

"ఫెలీసా పొద్దున్నే చెప్పింది. పాపం ఏడుస్తోంది, నేనే ఊరుకోబెట్టాను," అంది నోర్కా. "ఆ కాగితం మా అమ్మకి చదివి వినిపించాను డాక్టర్. అంతా విని, 'ఇంతకీ మంచిదేనా?' అంది. మంచిదే అన్నాను. మంచిదే కదా?"

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన నియమం తప్పాడు.

"అంత మంచి ఏడు నిమిషాలు నేను ఏ క్లాసులోనూ చూడలేదు. నా క్లాసులో కూడా."

ఆమె తల ఊపింది. "కాగితం మీద ఉంటే బాగుండేది," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఆయనకు అదే భరించడం కష్టమైంది.

అయిదున్నరకు నోటీసు బోర్డు మీద ఫలితం పెట్టారు. ఒకే పేరు, వేరే పేరు. నోర్కా రెండుసార్లు చదివింది. కాగితం ఒక మూల గాలికి లేస్తుంటే పిన్ను సరిగా గుచ్చి, గదికి తిరిగి వచ్చింది.

"మాంతెయాగూదో ఊరి ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కావాలట. శనివారం బస్సుకి వెళ్ళిపోతాను."

"అక్కడ పాఠం చెప్పే పని ఉండదేమో."

"నర్సులుంటారుగా. వాళ్ళు వింటే చెబుతాను, లేకపోతే వాళ్ళే నాకు చెబుతారు."

ఆయన ఏదో అనాలనుకున్నాడు. క్షమించు అన్నాడో, జాగ్రత్త అన్నాడో తర్వాత ఆయనకే గుర్తులేదు. ఆమె సంచిలోంచి రెండు మూరల తోట గొట్టం తీసి బల్లమీద పెట్టింది. మధ్యలో ఒకచోట బ్యాండేజీతో బిగించి కట్టి ఉంది.

"రేపటి పాఠం రక్తపోటు. ఇది ఇరుకైన రక్తనాళం. మధ్యాహ్నం పెరట్లో కుళాయికి తగిలించి చూశాను, బాగానే పనిచేస్తోంది. కొత్తాయనకి ఇవ్వండి. ఆయనకి కావాలంటేనే."

ఆయన బుగ్గమీద ముద్దు పెట్టి, ఊళ్ళో అందరూ సెలవు తీసుకునే పద్ధతిలోనే సెలవు తీసుకుని, మెట్లు దిగింది. అడుగుల చప్పుడు కిందిదాకా వినిపించింది.

కాపలాదారు దోన్ కాస్తో దీపాలు ఆర్పుకుంటూ వచ్చి, ఆయన్ని చూసి కాసేపు వసారాలోనే నిలబడ్డాడు. చీకటి పడుతోంది.

"ఇంకెవరైనా రావాలా డాక్టర్?"

"లేదు కాస్తో. మూసెయ్."

ఆయన బయటికి వచ్చాక కాస్తో తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగి తాళం వేశాడు. లోపల బల్లమీద ఆ గొట్టం వంకర తిరిగి పడి ఉంది. కట్టు బిగించిన చోట బ్యాండేజీ ఇంకా తడిగానే ఉంది.