రేవు బోర్డుకి బొట్లు

అంతరిక్షంలో రెండు నౌకలు మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే వచ్చి ఒకదానికొకటి అతుక్కునే పరికరం తయారుచేస్తున్నాడట, రాజోలు శామ్యూల్. ఆకాశానికి పంపేముందు దాన్ని గోదారి మీద జనాన్ని దాటించే పంటుకి బిగించి చూస్తానని 2006లో అంతర్వేది దగ్గరి రేవుకి వచ్చాడు.

పంటు నడిపే సరంగు అబ్బులుకి ఆ పరికరం పెట్టెని చూడగానే ఒళ్లు మండింది. ముప్ఫయ్యేళ్లుగా పోటులోనూ పాటులోనూ పంటుని గట్టుకి చేర్చిన చెయ్యి అతనిది. భార్య రత్నం పోయాక మిగిలింది ఆ చుక్కాని ఒక్కటే. రేవుని వేలంలో పాడుకున్న ముత్యాలరాజు దాన్నీ ఉంచేలా లేడు.

“మిషనే చేర్చేస్తే ఇంక నువ్వెందుకురా అబ్బులూ?”

“ఆయ్. తమరెందుకో కూడా అదే చెప్తాదండి.”

శామ్యూల్ గట్టున నల్లబోర్డు పాతాడు. దానిమీద మూడు తెల్లచుక్కలు. పంటు మీది కెమెరా ఆ చుక్కల్ని చూసుకుంటూ చుక్కాని తిప్పుతుంది. గురువారం ఖాళీ పంటుని రెండుసార్లు చక్కగా చేర్చింది. అబ్బులుకి అన్నం సయించలేదు.

శుక్రవారం జనంతో అసలు పరీక్ష. పంటు సగం ఏరు దాటింది, ఆగింది, కాసేపు ఆలోచించింది, రేవు వదిలేసి పక్కన నీళ్లలో పడుకున్న గేదెల వైపు బయల్దేరింది. గేదెలు లేచి దారిచ్చాయి. జనం గగ్గోలు. అబ్బులు పెట్టె తీగ పీకి, చుక్కాని పట్టి, గట్టుకి తగిలిన సంగతి కూడా ఎవరికీ తెలియకుండా చేర్చాడు.

శామ్యూల్ బోర్డు దగ్గరికి పరిగెత్తాడు. చుక్కల చుట్టూ అయిదు పసుపు బొట్లు. కెమెరాకి రంగులు తెలియవు. పసుపూ దానికి తెలుపే.

“ఎవరండీ పెట్టింది?”

“నేనే బాబూ,” అంది టీకొట్టు అచ్చాయమ్మ. “కొత్త వస్తువు. శుక్రవారంపూట బోసిమొహంతో ఉంచుతామేంటి?”

“తుడిచెయ్యండి.”

“బొట్టు తుడవడమా! ఆ అరిష్టం ఎవరింటి మీదకి తెత్తారండీ?”

ముత్యాలరాజు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. శామ్యూల్ రుమాలు తీశాడు. జనం చూసిన చూపుకి మళ్లీ జేబులో పెట్టేశాడు. చివరికి అందరూ అబ్బులు వైపు తిరిగారు. పెళ్లాం పోయినవాడు, వీడికింక పోయేదేముందని. ఆ చూపు అతనికి ఆరేళ్లుగా తెలుసు.

“నేను తుడవనండి,” అన్నాడు. “దీన్ని ఆకాశానికి పంపేటప్పుడు మీవోళ్లు మాత్రం బొట్టెట్టరా?”

శామ్యూల్ సోమవారం కొత్త బోర్డు తెస్తానన్నాడు.

అబ్బులు ఇంటికెళ్లి, రత్నం పోయాక ముట్టని పసుపు డబ్బా దులిపి తెచ్చి అచ్చాయమ్మ చేతిలో పెట్టాడు.

“కొత్త బోర్డొత్తాదంట. పిసినారితనం చెయ్యకు.”