కారుకు వదిలిన జాగా

రత్నమాల వాకిలి ఊడ్చి ముగ్గు డబ్బా అందుకునేసరికి లోపలి నుంచి పరశురాములు కేకేశాడు.

"ఏమే, ముగ్గు తర్వాత. ఆటో వచ్చే యాళ్లయింది, దించు నన్ను."

దించడమంటే, ఆమె మొగుడి చంకల కింద చేతులు వేసి, అత్త లసుమవ్వ ఆయన కాళ్లు పట్టుకుని, వెనక మెట్ల మీదుగా సందులోకి మోయడం. కోరుట్లలో ఫిజియోథెరపీకి తీసుకుపోయే ఆటో అక్కడే ఆగుతుంది. ముందు నుంచి దిగితే వాడకట్టంతా చూస్తుందని ఆయన బాధ. నిన్న మెట్టు మీద రత్నమాల నడుం పట్టేసింది. ముగ్గురూ గోడకు తగిలి ఆగారు. "గంత తింటవ్, బలమంత ఏడవోతది?" అన్నాడు. భయంతోనే అన్నాడని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన నడుం నొప్పి తగ్గదు.

పాలోళ్ల, అదే దాయాదుల, ఇంటికంటే ఎత్తుండాలని దుబాయి నుంచి మేస్త్రీకి ఫోన్ చేసి మరీ బేస్‌మెంటు నాలుగడుగులు లేపించింది ఆయనే. పరంజా మీంచి పడి, వెన్ను దెబ్బతిని తిరిగొచ్చాక ఆ ఎత్తే ఆయనకు చెర. చక్రాల కుర్చీ దిగేలా వాలుగా ర్యాంపు కట్టిద్దామని ఆమె అడిగితే, "ముంగట కట్టి, కుంటోని ఇల్లని బోర్డు వెడ్తవా?" అన్నాడు. "గా ముంగటిది కారు వెట్టే జాగ. నా కొడుకు లేసి నడవడా ఏంది?" అంది లసుమవ్వ.

రత్నమాల జగిత్యాలలో ఇంజనీరు చంద్రమౌళి దగ్గర డ్రాయింగులు గీస్తుంది. ఇప్పుడు సిరిసిల్లలో కట్టబోయే ఫిజియోథెరపీ విభాగం పని. మంచంలో ఉన్నవాళ్లకు చెట్టు కనబడాలని కిటికీలు కిందికి దింపింది. నడక నేర్చుకునే వరండాకు రెండువైపులా పట్టుకునే కడ్డీలు, ఆయాసమొస్తే కూర్చోవడానికి అరుగులు. రోగిని మోసుకొచ్చిన ఆడమనిషి నడుం వాల్చేందుకు చిన్న గది కూడా గీసింది. చంద్రమౌళి దాన్ని కొట్టేయించాడు. "వాళ్లకేందమ్మా, కిందనే పంటరు." నిన్న సాయంత్రం తన చేత్తోనే ఆ గది చెరిపింది. బస్సులో ఇంటికొస్తూ కిటికీకి తల ఆనించి, ఇక ఏది చెరపకూడదో ఆలోచించింది.

"వినవడ్తలేదా?" చక్రాల కుర్చీ గడప దాకా వచ్చింది.

ఆమె వంగి పిండి గీత లాగుతూనే ఉంది. గడప నుంచి నేరుగా పోతే వాలు రోడ్డెక్కుతుంది. అందుకే కారు జాగాలో మలిపింది.

"ఏంది గిది? గిట్ల గూడ ముగ్గేస్తరా?"

"ముగ్గు గాదు, ర్యాంపు. గాడ కుర్చీ మలుపుకోవాలె, అందుకే గంత జాగ. రేపు మేస్త్రీ వస్తడు."

"నేనొద్దన్న గదా!"

"అన్నవు. ఇగ నేను నిన్ను ఎత్తను. ర్యాంపు అయ్యేదాంక ఆటో ఆయన్ను ముంగటికే రమ్మన్న, ఆయనే దించుతడు."

"అందరు చూస్తరే..."

"చూడనీ. ర్యాంపు అయినంక నువ్వే దిగాలె. నీ చేతులకేం గాలే."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

లసుమవ్వ బకెట్ నిండా నీళ్లతో వచ్చింది. "వాకిట్ల గిదేం అరిష్టమే! కడుగుత, జరుగు." రత్నమాల జరగలేదు. గీత పక్కనే నిలబడి రెండు చేతులతో నడుం పట్టుకుంది. ముసలామె కోడలి చేతుల వంక, కొడుకు వంక చూసింది. బకెట్ కింద పెట్టింది. గొణుక్కుంటూనే, చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, పిండి చెదరకుండా గీత దాటింది.