అరక్షణం ఆలస్యం

ఇంకో రెండు డిగ్రీలు ముందుకు జరిపితే సరిపోతుందేమో, లేదా మూడు, మూడు మరీ ఎక్కువేమో, ఒళ్లో ల్యాప్‌టాప్ మీద గీత ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట నేలబారుగా నడిచి మళ్లీ ఎక్కుతోంది, ఆ నేలబారు ముక్కే జబ్బు, అరక్షణం కూడా ఉండదు, పెడలు తొక్కగానే ఊపందుకోవలసిన ఇంజను గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఆగి, ఆ తర్వాత ఒక్క తోపు తోస్తుంది, ఈలోగా ఎదురుగా లారీ వస్తే గతేమిటి అని హర్ష అనుకుంటున్నాడు, స్టీరింగు మీద యశస్విని చెయ్యి, చేతి మీద ఎండ, చూడకూడదు, గీతను చూడాలి, సిరుగుప్ప రోడ్డుకు రెండు పక్కలా వరి పచ్చగా ఉంది, ఖనిజం లారీలు ఇటు రావు, అందుకే ఆదివారం ఆదివారం పరీక్షకు ఇటే వస్తారు, చైనావాడు ఒలింపిక్స్ కోసం మన కొండల్ని కొనుక్కుపోతున్నాడని జనం చెప్పుకుంటున్న ఈ రోజుల్లో, బళ్ళారిలో ఖనిజం దుమ్ముకు ఆవుల వీపులు కూడా ఎర్రబడ్డ ఈ రోజుల్లో, పచ్చరంగు చూడాలన్నా ఇటే రావాలి, ఆమె పక్కన కూర్చోవాలన్నా ఇదొక్కటే దారి, ఇవాళ అడగాలి, కాలువ దాటేలోపు అడగాలి.

ఏమని అడగాలి, మాట మొదలుపెట్టడానికి పిలుపు కావాలి కదా, ఇంద్రసేన బతికున్నప్పుడు వదినా అని నోరారా పిలిచేవాడు, స్నేహితుడి భార్యను అంతకన్నా ఏమంటాడు, జ్వరమని పడుకున్న ఇంద్రసేన వారం తిరక్కుండా పోయాడు, దోమ కుట్టి పోయాడు, నూటపాతిక టిప్పర్ల యజమాని, ఆ తర్వాత రెండేళ్లలో ఎప్పుడో వదినా అనడం మానేశాడు, ఎప్పుడు మానేశాడో తనకే తెలియదు, ఇప్పుడు పిలుపు లేకుండానే వాక్యాలు కడుతున్నాడు, స్వల్ప స్లో చెయ్యి, ఇప్పుడు తొక్కు, ఆమె కూడా మొగుడి స్నేహితులందర్నీ అన్నా అంటుంది, హర్షను మాత్రం హర్షా అంటుంది, ఆ ఒక్కదాని మీద అతను ఎంత మేడ కట్టుకున్నాడో ఆమెకు తెలుసా, దానికి తోడు ఆమె అత్త నాగలక్ష్మమ్మ పోయినవారం మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, పిల్ల ఎన్ని దినాలని ఇట్ల ఉంటాదప్పా, నువ్వన్నా ఒక మాట చెప్పు, ఆయమ్మి నీ మాట వింటాది, అంది, నువ్వన్నా అంటే నువ్వు నచ్చజెప్పు అనా, నువ్వు చేసుకో అనా, ఆ రాత్రి కౌల్ బజార్లో తన గ్యారేజీ షట్టరు దించి చాలాసేపు తాళం వెయ్యడం మరిచిపోయాడు.

హర్షా, మంగళారం నేను సచ్చిపోయుంటి, అంది యశస్విని రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, ఏదో కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు, యాడ, అన్నాడు, హోస్పేట రోడ్డులో, ముందర రెండు లారీలు, దాటుదామని తొక్కితే బండి అట్లే నిలబడిపాయ, ఎదురుగా ఇంకోడు, వాడు బురదలోకి దించినాడు కాబట్టి సరిపాయ, కిటికీలోనుంచి తలకాయ బయటికి పెట్టి మా అమ్మను, నాయనను అందర్నీ తల్చుకున్నాడులే పాపం, అని చిన్నగా మూతి విరిచింది, అతను కీబోర్డు మీదనుంచి వేళ్లు తీశాడు, ఎందుకంటే అతనికి తెలుసు, ఇన్ని వారాలుగా ఆ అరక్షణాన్ని వెతుకుతూ వెతుకుతూ లోపల ఎక్కడో దొరక్కపోతేనే బాగుండునని కూడా అనుకున్నాడు, దొరికితే ఆదివారాలు పోతాయి, దొరక్కపోతే ఆమే పోతుంది, ఇప్పుడది మంగళవారమంత స్పష్టంగా తెలిసింది, ఇక దీన్ని ఇవాళ పట్టుకోవలసిందే, అడగడం సంగతి తర్వాత.

మొదటినుంచీ ఆలోచించు, గాలి లోపలికి వచ్చే కవాటం, పొగ బయటికి పోయే కవాటం, రెండు తలుపులు, పొగ తలుపు పూర్తిగా మూసుకోకముందే గాలి తలుపు కొంచెం తొందరగా తెరిస్తే కొత్తగాలి పాతపొగను గెంటేస్తుంది, ఆ ఊపుకు టర్బో చక్రం తొందరగా తిరుగుతుంది, ఇంజను పరుగందుకున్నాక ఆ తొందర తగ్గించాలి, లేకపోతే పొగ వెనక్కి తన్నుతుంది, ఎప్పుడు ఎన్ని డిగ్రీల తొందరో ల్యాప్‌టాప్‌లో తను చెబుతాడు, ఇంజను వింటుంది, కానీ తలుపుల ఇరుసును తిప్పేది ల్యాప్‌టాప్ కాదు, సన్నటి దారుల్లో తోసుకొచ్చే ఇంజను నూనె, గీతలో ఆజ్ఞ ముందే వెళుతోంది, ఇరుసు తర్వాత వస్తోంది, నూనెను వదిలే వాల్వు మార్చాడు, జల్లెడ మార్చాడు, సెన్సారు మార్చాడు, మార్చినప్పుడల్లా గ్యారేజీ కుర్రాళ్లు పాతది దించేశాక తన చేత్తోనే పల్చటి కొత్త నూనె పోశాడు, ఆ సాయంత్రం బండి బాణంలా పోయేది, మళ్లీ ఆదివారానికి ముద్ద అడ్డం పడేది, తన చేత్తోనే పోశాడు కాబట్టి ఆ నూనెను మళ్లీ చూడలేదు, తన చేతిని ఎవరు అనుమానిస్తారు, ఆపు, అన్నాడు, ఏంది, అంది, బండి ఆపు, బానెట్ ఎత్తాల.

హచ్చొళ్ళి కాలువ పక్కన నూనె కొలిచే పుల్ల బయటికి లాగి రెండు వేళ్ల మధ్య రుద్దాడు, బొటనవేలు జారలేదు, నూనె వదలకుండా తీగలా సాగింది, ఇది తను పోసింది కాదు, ఇది లారీ నూనె, టిప్పర్ల షెడ్డులో పీపాల్లో ఉండే చిక్కటి నూనె, ఈ జిల్లాలో లారీలున్న ప్రతి ఇంట్లో కార్లకు పట్టే పీడ ఇదే, చిక్కగుంటేనే ఇంజనుకు బలమని పాలు పోసినట్టు ప్రేమగా పోస్తారు, ఎవురు పోసినారు దీన్ని, అని అడిగాడు, హులిగెప్ప పోసుంటాడు, షెడ్డులో వాడేగదా ఉండేది, అంది ఆమె నీళ్లవైపు చూస్తూ, హర్ష అక్కడికక్కడే ఫోను తీసి హులిగెప్పకు కలిపాడు, ఏమయ్యా, అక్క కారులో లారీ నూనె యాల పోస్తాండావు, అవతల హులిగెప్ప గొంతు కాలువ గట్టంతా వినిపించింది, సుమ్నే, ఊరికే నన్ను అంటావేందప్పా, అక్క ఆ కారు ముట్టనిస్తే కదా నేను పోసేది, ప్రతి సోమారం పొద్దున్నే ఆయమ్మే పాన పట్టుకోని కిందికి దూరి నూనె దించి పీపాలోది పోసుకుంటాది, నేను చేస్తా లెయ్యక్కా అంటే పో పోయి టైర్లు చూసుకో అంటాది, నన్ను దొంగను చేస్తారేం మీరు, హర్ష ఫోను కట్ చేశాడు, వరిలో కొంగ ఒకటి లేచి ఇంకో మడిలో దిగింది.

గుండె ఒక్కసారిగా ఎగిరింది, సోమవారం పొద్దున్నే తనే చెడగొడుతుంది, ఆదివారం మళ్లీ తన దగ్గరికి తెస్తుంది, అంటే రావడం కోసం, అంటే ఈ ఆదివారాలు ఆమెకూ కావాలి, మూడు నెలలుగా తను ఒక్కడే మోస్తున్నాననుకున్న బరువు ఇంకో చివర ఆమె కూడా పట్టుకుని ఉంది, అంటే అడగక్కర్లేదు, నోటిదాకా వచ్చింది, అప్పుడామె మాట్లాడింది, తిట్టుకోవద్దు హర్షా, నువ్వు చేసినాక బండి బాగానే పోతాది, చానా బాగా పోతాది, కానీ ఆయప్ప ఉన్నప్పుడు అట్ల పోతాండెనా, ఆయప్ప లారీ నూనె తప్ప ముట్టింది లేదు, తొక్కినాక స్వల్ప ఆగుతాండె, ఆగినప్పుడల్లా ఆయప్ప నా తొడమీద చెయ్యేసి, ఉండు ఉండు, ఇప్పుడు, అంటాండె, అన్నెంటనే బండి ఎగిరేది, అంతే, అదొక్కటే నాకు మిగిలింది, ఫోటోలో ఆయప్ప లేడు, మా అత్త ఏడుపులోనూ లేడు, ఆ ఆగేదాంట్లో ఉండాడు, నువ్వు ఆదివారం తీసేస్తావు, నేను సోమారం తెచ్చుకుంటా, మరి నా దగ్గరికి తెచ్చేది ఎందుకు, అన్నాడు, తేకపోతే మా అత్త బండి అమ్మేయమంటాది, రిపేరులో ఉండాది అంటే ఊరుకుంటాది, నువ్వు ఆయప్ప స్నేహితుడివి కదా, అర్థం చేసుకుంటావనుకున్యా, అంది.

ఎగిరింది ఎగిరినచోటునుంచే పడుతుంది, పడ్డ చప్పుడు బయటికి రాలేదు, పుల్లను గుడ్డతో తుడిచి జాగ్రత్తగా లోపల పెట్టాడు, అంటే మూడు నెలలుగా ఈ ల్యాప్‌టాప్‌తో తను వెతికి వెతికి తీసేసింది జబ్బును కాదు, ఇంద్రసేనను, వాడు వారానికొకసారి పోయాడు, తన చేతుల్లో పోయాడు, ఆమె ప్రతి సోమవారం కారు కిందికి దూరి తెచ్చుకుంది, ఆ సోమవారాల వల్లే మంగళవారం లారీ కింద పడబోయింది, ఇది ఇట్లా సాగితే ఒకనాడు వాడూ ఆమే ఇద్దరూ ఒకచోటే ఉంటారు, దానికి తను ఒప్పుకోడు, రా, అన్నాడు, ఊళ్లో ట్రాక్టరు షెడ్డుంది.

షెడ్డు దురుగప్పది, అతను గుంత మీదికి కారు ఎక్కించి చిక్కటి నూనె దించాడు, డిక్కీలోంచి హర్ష తీసిన పల్చటి నూనె డబ్బా చూసి ముఖం చిట్లించి, ఏమప్పా, ఇంత సొగసైన బండికి గంజి పోస్తాండావే, పెండ్లికి పిల్సి చారు పోసినట్టుండాది, అన్నాడు, హర్ష నవ్వలేదు, బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇప్పటిదాకా ఎప్పుడూ చెయ్యని పని మొదలుపెట్టాడు, పెడలు సగందాకా తొక్కినప్పుడు ఇరుసు తొందరపడకూడదు, ఆలస్యంగా రావాలి, పూర్తిగా తొక్కితే మాత్రం ఒక్క రవ్వ కూడా ఆగకూడదు, లారీని దాటేవాడు సగం తొక్కడు కదా, ఆమె పక్కన నిలబడి ఉంది, పల్చటిది పోస్తే పోతాడు కదా హర్షా, అంది, పోడు, వాణ్ణి ఈడ పెడతాండా, మళ్ల నువ్వు నూనె దించొద్దు, అన్నాడు, ఎంత ఆగాలో గుర్తుందా, అని అడిగాడు, అడుగుతూనే తనకూ గుర్తుందని తెలుసుకున్నాడు, వెనకసీట్లో ఎన్నిసార్లు కూర్చోలేదు, డిగ్రీలు వెనక్కి జరిపాడు, ఇంకా కొంచెం, ఇంకా, ఒక స్నేహితుడి ఊపిరి ఇంత పొడవని అంకెల్లో రాయవలసి వస్తుందని ఎవరనుకుంటారు.

మళ్లీ రోడ్డు మీదికి వచ్చారు, ముందు పూర్తిగా తొక్కించాడు, బండి అడిగిన మరుక్షణం దూకింది, ఎక్కడా ఆగలేదు, ఇంక ఏ మంగళవారమూ భయం లేదు, ఇప్పుడు సగం తొక్కు, అన్నాడు, తొక్కింది, బండి ఆగింది, సరిగ్గా అంతే, ఆమె ఊపిరి బిగబట్టింది, పెదవులు ఏదో రెండు మాటలు చప్పుడు లేకుండా అనుకున్నాయి, బండి ఎగిరింది, యశస్విని నవ్వింది, రెండేళ్లుగా ఎవరూ వినని నవ్వు, పళ్లన్నీ కనబడేలా, ముందున్న ఖాళీ రోడ్డును చూస్తూ, పక్కకు ఒక్కసారి కూడా తిరగకుండా, హర్ష ఆ నవ్వును చూశాడు, ఈసారి చూపు తిప్పుకోలేదు, ఇన్నాళ్లు తను ఎదురుచూసిన నవ్వు ఇదే, తన చేతులే దీన్ని తెచ్చాయి, తన కోసం మాత్రం రాలేదు, ఎప్పటికీ రాదు, అయినా వచ్చింది కదా అని సంతోషపడుతున్నాడు, ప్రేమంటే ఈ సంతోషమే అయితే తను అడగాలనుకున్నది ఇంక అడగక్కర్లేదని అతనికి అర్థమైంది.