ఉతికిన సీటు

బండ్ల షోరూము గుమ్మం పక్కన తొమ్మిది మూటలు దించేసి ట్రాలీ ఆటో వెళ్లిపోయింది. మూటల నిండా ఆస్పత్రి దుప్పట్లే. ఉతికి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ చుట్టినవి. లాండ్రీ ఆయన అద్దంలోంచి లోపలి గడియారం చూశాడు. రెండున్నర.

నాలుగింటికల్లా అవి ఆస్పత్రి స్టోరుకు చేరాలి. అదీ మూత బండిలోనే. పాత వ్యాను పోయిన సోమవారం నడిరోడ్డు మీద ప్రాణం విడిచింది. ఆ తర్వాత రెండుసార్లు ఆటోలో, దుమ్ములో పట్టుకెళ్లాడు. రెండుసార్లూ స్టోరు మేడమ్ హెచ్చరిక కాగితం చేతిలో పెట్టింది. మూడోసారికి కాగితం ఉండదు, పనే ఉండదు. ఆ ఒక్క ఆస్పత్రి పోతే బాయిలరు కింద మంట ఆరినట్టే, ఇంట్లో పొయ్యి కూడా.

"బావా, నువ్వు నోరు మెదపకు," అన్నాడు బామ్మర్ది. బట్టల కొట్లో పదేళ్లు గుమాస్తాగా చేసినవాడు, బేరమంటే చెవి కోసుకుంటాడు. "మనకి తొందరేం లేదన్నట్టుండాలి. ధర వినగానే మొహం చిట్లించి బయటికి నడుద్దాం. గుమ్మం దాటేలోగా పిలుస్తారు. పిలవకపోతే నా పేరు మార్చి పెట్టు."

"మరి మూటలో?"

"వాటికేం, పడుంటాయి."

సేల్స్‌మన్ తెల్ల వ్యాను చూపించి ధర కాగితం ఇచ్చాడు. బండి ధర కింద వరసగా ఇంకో నాలుగు ఉన్నాయి. అడుగున తుప్పు పట్టకుండా పూత, సీటు కవర్లు, వాళ్లు చెప్పిన చోటే బీమా, హ్యాండ్లింగు. లాండ్రీ ఆయన తెచ్చుకున్నది బండి ధరకి సరిపోతుంది. ఆ నాలుగింటికీ చాలదు.

"హ్యాండ్లింగంటే ఏంటండీ?" అడిగాడు బామ్మర్ది.

"బండి మీకు అప్పగించినందుకు సార్."

"అమ్మాక అప్పగించకుండా మీ దగ్గరే ఉంచుకుంటారా ఏంటి?"

"రూలు సార్," అన్నాడు సేల్స్‌మన్, నవ్వు చెదరకుండా.

బామ్మర్ది మొహం చిట్లించాడు. బావ మోచెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దాటారు. ఎవరూ పిలవలేదు. ఇంకో రెండడుగులు వేస్తే మూటలు అడ్డం వచ్చాయి. వాటిని వదిలి పోలేరు, ఎత్తుకుని పోలేరు. ప్రతి మూటకీ ఆస్పత్రి చీటీ వేలాడుతోంది. ‘ఈరోజు సాయంత్రం 4 గం.’ అని ఎర్ర సిరాతో, ఆమడ దూరానికి కనపడేంత అక్షరాలు. అద్దం వెనక సేల్స్‌మన్ తీరిగ్గా మంచినీళ్లు తాగుతూ ఆ చీటీలకేసే చూస్తున్నాడు.

"పిలుస్తారు బావా. ఒక్క నిమిషం."

"నీకేం పేరు పెట్టమంటావురా?" అన్నాడు లాండ్రీ ఆయన.

మళ్లీ లోపలికి వెళ్లక తప్పలేదు. "వస్తారని తెలుసు సార్," అన్నాడు సేల్స్‌మన్. "నాలుగింటికి కదా పని?"

లాండ్రీ ఆయన వ్యాను తలుపు తెరుచుకుని సీటులో కూలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు గానీ అరచెయ్యి ఊరుకోలేదు, ముప్పై ఏళ్లుగా గుడ్డ తడిమిన చెయ్యి. సీటు అంచు దాకా పోయి అక్కడ ఆగింది. వంగి వాసన చూశాడు.

"ఈ సీటు ఉతికారు," అన్నాడు.

"కొత్త బండి సార్!"

"కొత్త గుడ్డకి బిరుసుంటుంది. దీనికి పోయింది. ఇదిగో, నీళ్లు ఆగిన గీత. సబ్బు కూడా సరిగ్గా వదల్లేదు, మా లాండ్రీలో అయితే తిట్లు తినేవారు. తాళం పెట్టండి, మీటరు చూద్దాం."

తాళం సేల్స్‌మన్ జేబులోంచి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. మీటరు వెలిగింది. పదకొండు వందల కిలోమీటర్లు.

పక్క బండి చూస్తున్న దంపతులు ఇటు తిరిగారు. అద్దాల గదిలోంచి మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చాడు. "ట్రయల్‌కి తిప్పిన బండి సార్, అంతే. కావాలంటే కొత్తది తెప్పిస్తాను. నాలుగు రోజులు."

"నాకు నాలుగు రోజుల్లేవు, మీకూ తెలుసు. ఇదే ఇవ్వండి. ఆ నాలుగూ కొట్టెయ్యండి. తిరిగినంతకీ బండి ధరలో తగ్గించండి. కాదంటే బయట ఆ మూటల మీద కూర్చుంటాను. వచ్చినవాళ్లు అడిగితే సీటు సంగతి చెప్తాను."

మేనేజరు దంపతుల వైపు చూశాడు. కలం తీసి నాలుగు వరసలూ కొట్టేశాడు. పై అంకె కూడా దిద్దాడు. న్యాయమైన ధరే.

"నంబరు మాత్రం రేపు సాయంత్రానికి గానీ రాదు సార్. అప్పటిదాకా బండి గేటు దాటదు."

మూడూ ముప్పావు. బామ్మర్ది తల పట్టుకున్నాడు. రేపు సాయంత్రం బండి ఉంటుంది, అందులో వేసుకెళ్లడానికి దుప్పటి ఉండదు. లాండ్రీ ఆయన చేతిలో ధర కాగితం నలిగింది.

"మరి ఇన్నాళ్లూ గేటెలా దాటింది?" అన్నాడు, నెమ్మదిగా.

"ట్రయల్ బోర్డు పెట్టి, మా మనిషి నడుపుతాడు."

"ఆ బోర్డు పెట్టండి. నేనింకా ట్రయల్ చూడలేదు."

"ఎంతదూరం సార్?"

"ఆస్పత్రి స్టోరు దాకా."

మూటలెక్కించాక సేల్స్‌మనే నడిపాడు, పక్కన బామ్మర్ది. లాండ్రీ ఆయన వెనక, చీకట్లో, మూటల మధ్య కూర్చున్నాడు. బండి ఆగినప్పుడల్లా మూట ముడి ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. ఎన్ని సిగ్నళ్లో లెక్క తప్పింది.

తలుపు తెరిచేసరికి ఎదురుగా సగం దించిన షట్టరు, దాని కింద స్టోరు మేడమ్. ఆమె గడియారం చూసింది. బండి పైకప్పు చూసింది. మూట మీద వేలు రాసి, ఆ వేలు చూసుకుంది.

"దించండి," అంది.

"దించు బావా," అన్నాడు బామ్మర్ది.

లాండ్రీ ఆయన దించబోయాడు. మూట ముడి పట్టుకున్న వేళ్లు ఎంతకీ విడిపోలేదు. బామ్మర్ది ఒక్కొక్క వేలే పట్టి విప్పాల్సి వచ్చింది.