మీసాలప్పకు చోటు

జనవరిలో ఒక సాయంత్రం శరణ్య ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కింది. ఎమ్మిగనూరు బ్యాంకులో ఆమెకు ఉద్యోగం, ఇల్లు ఆదోనిలో. రోజూ ఒళ్ళో ఉండే టిఫిన్ క్యారియర్‌కు తోడు ఆ రోజు నీళ్లు నింపిన ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఉంది. అందులో చూపుడువేలంత చేప. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, మూతి దగ్గర పొడవాటి మీసాలు.

"ఏమంత పెరగదు మేడం. తొట్టి ఎంతుంటే అంతే ఉంటాది" అని చెప్పాడు రంగు చేపలమ్మే షాపతను. శరణ్య నమ్మింది. బస్సు గుంతలో పడినప్పుడల్లా కవరును రెండు చేతులతో పట్టుకుని, ఆదోని దాకా దానితో మాట్లాడుతూనే వచ్చింది.

ఇంట్లో అప్పటికే మూడడుగుల అద్దాల తొట్టి, అందులో అయిదు చిన్న చిన్న బంగారు రంగు చేపలు ఉన్నాయి. వాస్తుకు మంచిదని ఎవరో చెప్పగా తండ్రి లక్ష్మీనరసయ్య పెట్టించినవి. పత్తి వ్యాపారి ఆయన. గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. కొత్త చేపను చూడగానే తల్లి జయశ్రీ నవ్వి, "అబ్బా, ఏం మీసాలే! మీసాలప్ప" అంది. ఆ పేరే నిలిచిపోయింది.

నాలుగు రోజులకు తొట్టిలో మూడు బంగారు చేపలు మిగిలాయి. ఆదివారానికి ఒక్కటీ లేదు.

"ఏమే, ఆ అయిదు చేపలు యాడికి పోయినాయి?" అని అడిగాడు లక్ష్మీనరసయ్య.

"యాడికి పోతాయి, తొట్టి దిగి నడుసుకుంటా పోవు గదా. దాని పొట్ట సూడండి" అంది జయశ్రీ.

ఆయన వంగి చూసి, చప్పున వెనక్కి జరిగాడు. "మా తాతల కాడి నుంచి ఈ ఇంట్లో మాంసం మాటే లేదు. ఇది హాల్లో కూసోని వేట సేస్తాండాది!"

ఆ రోజు నుంచి మీసాలప్పకు పొట్లం మేత. గోలీల్లాంటి గుళికలు. వాటిని దేనితో చేస్తారో పొట్లం మీద రాసి ఉంటుంది కానీ, జయశ్రీ దాన్ని భర్త కంటబడనీయకుండా పప్పుల డబ్బాల వెనక దాచేది. పొద్దున్నే శరణ్య వేలితో అద్దం మీద తడితే చేప పైకి వచ్చి నోరు తెరిచేది. అంత చిన్న ఒంటికి అంత పెద్ద నోరు ఎలా వచ్చిందా అని ఇంటికి వచ్చినవాళ్లంతా ఆశ్చర్యపోయేవాళ్లు.

ఉగాదికి జానెడైంది. శరణ్య నాలుగడుగుల తొట్టి తెచ్చింది. వినాయక చవితి నాటికి మూరెడైంది. ఇప్పుడది తిరగాలంటే ఒళ్లంతా విల్లులా వంచాలి. తోక ఒక అద్దానికి, మూతి ఇంకో అద్దానికి తగిలేది. ఒకసారి బెదిరి ఎగిరితే పక్క బల్ల మీద లక్ష్మీనరసయ్య పేర్చి పెట్టుకున్న పత్తి నమూనాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆయన కేకలు వేశాడు. శరణ్యకు మాత్రం తడిసిన పత్తి కనిపించలేదు. చేప మూతి మీద తోలు లేచి ఎర్రబడిన చోటు కనిపించింది.

షాపుకు వెళ్లి వెనక్కి తీసుకోమని అడిగింది. అంత పెద్దది తనకు వద్దన్నాడతను. చేపల ప్రదర్శనశాల ఒకదానికి ఫోన్ చేస్తే, ఇలా వదిలించుకున్నవే తమ దగ్గర మూడున్నాయని, ఇంకోదానికి చోటు లేదని చెప్పారు.

ఆ వారమే బుధవారం నాడు, కూతురు బ్యాంకుకు వెళ్లాక, లక్ష్మీనరసయ్య తన పత్తి మిల్లుకు కావలి ఉండే భీమన్నను పిలిపించాడు. భీమన్న చేపను నీళ్ల డ్రమ్ములోకి మార్చాక ఇద్దరూ దాన్ని ఆటోలో పెట్టుకుని తుంగభద్ర కాలువ దగ్గరికి వెళ్లారు. కాలువ నిండుగా పారుతోంది. గట్టు మీద చేపలు పట్టే మాదన్న వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏం తెచ్చినారు సావుకారీ?"

"చేపప్పా. వదిలిపెడదామని. పుణ్యం గదా."

మాదన్న లేచి డ్రమ్ములోకి తొంగిచూశాడు. "ఇది మన నీళ్ల చేప కాదు. నోరు సూసినారా? ఈడ బతికిందంటే పిల్ల చేపల్ని మింగుతాది. మేం ఏం పట్టుకోవాల? కాలువకు నీళ్లు ఆపినారంటే బురదలో పడి అదే సస్తాది. ఎవరికి సావుకారీ పుణ్యం?"

"పోనీ, నువ్వు పెట్టుకుంటావా?" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"నాకిస్తే పులుసే."

ఆయన గబుక్కున డ్రమ్ము మీద మూత పెట్టేశాడు. భీమన్న నవ్వు ఆపుకోలేక ఆటో వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

సాయంత్రం శరణ్య ఇంటికి వచ్చేసరికి చేప మళ్లీ తొట్టిలోనే ఉంది కానీ, హాలంతా తడి. తండ్రి దాచకుండా జరిగినదంతా చెప్పాడు. శరణ్య ఏడ్చింది.

"నన్నొక మాట అడగాల్సింది నాన్నా."

"తప్పే." ఆయన మెల్లగా అన్నాడు. "నువ్వు తెచ్చినప్పుడు ఎవర్నన్నా అడిగినావా?"

శరణ్య కళ్లు తుడుచుకుంది. "లేదు. ఇది ఎంతవుతాదో కూడా కనుక్కోలేదు. బాగుందని తెచ్చేసినా. నాదీ తప్పే."

మరునాడు ఆమె సామ్సన్‌ను కలిసింది. ఎమ్మిగనూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆయనకు ఆమె బ్యాంకులోనే ఖాతా. ఆదివారం టేపు పట్టుకుని ఆదోనికి వచ్చాడు. తొట్టి అద్దం మీద టేపు పెట్టి చేప పొడవు కొలిచి, లక్ష్మీనరసయ్యతో చెప్పాడు.

"దూరదేశపు పెద్ద నది చేప అన్నా ఇది. మూడున్నర అడుగులు పెరుగుతాది. నాలుగైనా కావచ్చు. బాగా సూసుకుంటే పదహైదేండ్ల పైనే బతుకుతాది. తొట్టి చిన్నదైతే చేప చిన్నగా ఉండదు, జబ్బు పడి సస్తాది, అంతే."

"పదహైదేండ్లా!" అంది జయశ్రీ. "అంటే శరణ్య పిల్లలు బడికి పోయేదాకా."

"అమ్మా!"

"ఎంత తొట్టి కావాల సారూ?" అని అడిగాడు లక్ష్మీనరసయ్య.

"తొట్టి కాదన్నా, చిన్న కొలను. ఈ హాలంత ఉండాల. నీళ్లు శుభ్రం చేసే ఏర్పాటు, పైన నీడ, చలికాలం నీళ్లు వెచ్చగా ఉండేట్టు హీటర్లు."

లక్ష్మీనరసయ్య గోడల మీదుగా హాలంతా ఒకసారి చూశాడు. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాడు. "రండి సారూ, ఒకటి సూపిస్తా."

పత్తి నుంచి గింజలు వేరుచేసే ఆయన జిన్నింగ్ మిల్లు ఆగిపోయి ఎనిమిదేళ్లయింది. పత్తికి నిప్పంటుకుంటే ఆర్పడానికి కట్టించిన సిమెంటు తొట్టి దాని ఆవరణలో అలాగే ఉంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, గుండె లోతు. అడుగున ఎండాకులు, ఒక విరిగిన కుర్చీ. సామ్సన్ లోపలికి దిగి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. "ఇది సాలు" అన్నాడు. వెంట వచ్చిన శరణ్య, తండ్రి చెయ్యి పట్టుకుంది.

పని నెలన్నర పట్టింది. అంతదాకా చేపను ఇంటి వరండాలో టార్పాలిన్‌తో కట్టిన తొట్టిలో ఉంచారు. భీమన్న మిల్లు తొట్టి పగుళ్లకు సిమెంటు పూశాడు. కొత్త సిమెంటు సున్నం నీళ్లలోకి దిగుతుందని సామ్సన్ హెచ్చరించడంతో నీళ్లు నింపడం, కొన్నాళ్లు నానబెట్టడం, పారబోయడం నాలుగుసార్లు చేశారు. నాలుగు నీలం డ్రమ్ముల్లో గులకరాళ్లు, స్పాంజి ముక్కలు నింపి, మోటారుతో నీళ్లు వాటిగుండా తిరిగేట్టు చేశారు. చలికాలానికి హీటర్లు పెట్టారు. పైన నీడకు గ్రీన్ నెట్, చేప ఎగిరి బయట పడకుండా అంచుల చుట్టూ జాలీ వేశారు. జయశ్రీ రోజూ అన్నం క్యారియర్ పంపుతూ, "మన పెండ్లికి కూడా ఇంత హడావిడి సేయలేదు మీరు" అని భర్తను ఆటపట్టించేది.

నవంబరులో ఒక ఆదివారం ఉదయం చేపను తరలించారు. ముందురోజు దానికి మేత పెట్టలేదు. వల వాడితే రెక్కల ముల్లు చిక్కుకుంటుందని సామ్సన్ మెత్తటి ప్లాస్టిక్ పట్ట తెచ్చాడు. డ్రమ్ము నుంచి తొట్టిలోకి దించేటప్పుడు తోకవైపు సామ్సన్, నడుము దగ్గర శరణ్య నిలబడ్డారు. తలవైపు భీమన్న పట్టుకోవాలి. కానీ మెట్టు తడిగా ఉండి అతని కాలు జారింది. పట్ట ఒక పక్కకు ఒరిగింది. చేప విదిలించుకుంది.

గట్టు మీద నిలబడి చూస్తున్న లక్ష్మీనరసయ్య పంచెతోనే తొట్టిలోకి దిగిపోయాడు. రెండు చేతులూ చేప తల కింద పెట్టి ఎత్తిపట్టుకున్నాడు. పుట్టి అరవై ఏళ్లలో ఆయన చేపను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"వదలొద్దన్నా, మెల్లగా నీళ్లలోకి దించండి" అన్నాడు సామ్సన్.

ఆయన దించాడు. చేప ఒక్క క్షణం ఆయన అరచేతుల్లోనే ఆగింది. తర్వాత తోక ఊపి ముందుకు సాగింది. తొట్టి చివరిదాకా తిన్నగా పోయింది, ఎక్కడా తగలకుండా తిరిగింది, మళ్లీ వచ్చింది. ఒళ్లు వంచకుండా అది ఈదడం ఎన్నో నెలల తర్వాత శరణ్య చూసింది.

"మెత్తగా ఉంది. మన పత్తి మాదిరి కాదు గానీ..." అంటూ లక్ష్మీనరసయ్య తన అరచేతుల్ని చూసుకున్నాడు. గుండెదాకా నీళ్లలో ఉన్నా గట్టెక్కాలన్న ధ్యాస లేదు.

అంతా నవ్వారు. భీమన్న చెయ్యందించి ఆయన్ను పైకి లాగాడు.

ఇప్పటికి రెండేళ్లయింది. మీసాలప్ప మూడడుగులకు వచ్చింది. వారానికోసారి కొంత నీరు తీసి కొత్త నీరు పెడతారు. తీసిన నీటితో భీమన్న మిల్లు ఆవరణలో వంకాయ, మిరప పండిస్తున్నాడు. ఆ వంకాయలు జయశ్రీ వంటింటికి వస్తాయి. శరణ్య సాయంత్రం బస్సు దిగి నేరుగా మిల్లుకే పోతుంది. తండ్రి అప్పటికే గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉంటాడు.

"ఇంకా మేత పెట్టలేదు నాన్నా?"

"నువ్వొస్తావని ఆగినాం" అంటాడాయన, పక్కకు జరిగి ఆమెకు చోటిస్తూ.